కంచర్ల గోపన్న: గంజి గుంట నుంచి గోల్కొండ జైలు దాకా

 

ఈ వారం వీడియోలో భద్రాచలం గుడి గురించి చెప్పుకున్నాం కదా. అందులో గుడి కట్టించిన మనిషికి రెండు నిమిషాలే దక్కాయి. అందుకే ఆయన సంగతి ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను. భక్త రామదాసు అనగానే మనకి గోల్కొండ ఖైదు గుర్తొస్తుంది, 2006లో వచ్చిన సినిమాలో నాగార్జున గుర్తొస్తాడు, బాలమురళీకృష్ణ గారి గొంతు గుర్తొస్తుంది. కానీ జైలుకి ముందు ఆయనకి ఒక ఊరుంది, ఇల్లుంది, భార్యా కొడుకూ ఉన్నారు, గుమ్మం ముందు ఆకలితో నిలబడే జనం ఉన్నారు. నాకు ఆ భాగమే ఎక్కువ ఇష్టం.

అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి, ఇప్పటి ఖమ్మం జిల్లా. పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు అదే. 1620 ప్రాంతంలో లింగన్న, కామాంబ దంపతులకి పుట్టాడు. గోల్కొండ కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకి మేనమామలని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. పాతబస్తీలో బోనాలప్పుడు మీరు వినే అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది చూడండి, ఆ అక్కన్న మాదన్నలే.

కాలం ఎలాంటిదో చెప్పడానికి మా ఏరియా పేరే చాలు. నేనుండేది మాసబ్ ట్యాంక్‌లో. మా సాహెబా తలాబ్ అన్నది జనం నోళ్లలో నలిగి నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. మా సాహెబా అంటే హయత్ బక్షీ బేగం, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఇప్పుడు చెరువు లేదు, ఆ చోట పార్కుంది. గోపన్న నేలకొండపల్లిలో పెళ్లి చేసుకుని సంసారం చేస్తున్న రోజుల్లో గోల్కొండ గద్దె మీద ఉన్నది ఆవిడ కొడుకే. ఆ రాజుకీ ఈ ఊరి మనిషికీ ఏ సంబంధమూ లేదు. గోపన్న తన పొలం, తన పూజ, తన ఇంటికొచ్చేవాళ్ల భోజనం, ఇదే లోకంగా బతికాడు.

భార్య కమలమ్మ. కొడుకు రఘునాథుడు. ఇంట్లో అన్న సంతర్పణ ఆగేది కాదట. దారినపోయే సాధువులూ ఊళ్లో పేదవాళ్లూ వచ్చి తినేవాళ్లు. శ్రీరామనవమి వస్తే ఇక చెప్పక్కర్లేదు. అంతమందికి అన్నం వారిస్తే ఎంత గంజి వస్తుందో ఆలోచించండి. పెరట్లో గుంట తవ్వి ఆ గంజి అందులో పోసేవాళ్లు. ఒక నవమినాడు, జనం పంక్తుల్లో కూర్చుని తింటుండగా, ఆడుకుంటున్న పసివాడు ఆ వేడి గంజి గుంటలో పడిపోయాడు.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. బయట విస్తళ్ల ముందు జనం. లోపల తల్లి చేతుల్లో ఊపిరి లేని బిడ్డ. విషయం బయటకి పొక్కితే అందరూ ముద్ద వదిలేసి లేచిపోతారు. ఆ తల్లి అందరి భోజనాలు అయ్యేదాకా గుండె బిగబట్టుకుందని మా ఇంట్లో చెప్పే కథ. తర్వాత గోపన్న బిడ్డని రాముడి ముందు పడుకోబెట్టి ఏడుస్తూ పాడితే, పిల్లాడు కళ్లు తెరిచాడని భక్తుల విశ్వాసం. చాలామంది ఈ కథని ఆ మహిమ కోసమే చెప్తారు. నేను మాత్రం కమలమ్మ కోసం చెప్తాను. సంతర్పణ చేసిన పేరు గోపన్నకి వచ్చింది కానీ, ఆ పొయ్యి దగ్గర నిలబడింది ఆవిడే కదా.

రామమంత్రం ఆయనకి కబీరుదాసు ఉపదేశించాడని ఒక కథ ఉంది. కబీరు 15వ శతాబ్దం వాడు, గోపన్న 17వ శతాబ్దం వాడు. కాబట్టి వచ్చింది కబీరు బాటలో నడిచే ఎవరో ఫకీరు అయ్యుంటాడని నా ఊహ. రఘునాథ భట్టాచార్యుల దగ్గర వైష్ణవ దీక్ష తీసుకున్నాడని కూడా చెప్తారు. కొడుక్కి రఘునాథుడని పేరు పెట్టుకున్న ఇల్లు, ఇంతకంటే చెప్పేదేముంది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. 1672లో అబ్దుల్లా పోయి, ఆయన అల్లుడు అబుల్ హసన్ తానీషా రాజయ్యాడు. మాదన్న చేతికి పెత్తనం వచ్చింది. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికింది. అంటే ఊరూరా శిస్తు వసూలు చేసి, లెక్క రాసి, సొమ్ము గోల్కొండకి పంపాలి. ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రగిరి. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి రాముణ్ణి తన తలమీద నిలుపుకున్న కొండ అని స్థలపురాణం. అక్కడ పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు పుట్టలో దొరికిన మూర్తులకి తాటాకుల పందిరి వేసి, అడవిలో దొరికిన పండు నైవేద్యం పెట్టేది. గోపన్న అక్కడికి వెళ్లేనాటికి రాముడికున్న ఇల్లు ఆ పందిరే. పెద్ద అధికారి వచ్చి గుడి కట్టడం అందరికీ తెలిసిందే, కానీ ఆవిడ పందిరి వేయకపోతే ఆయన చూసేదేంటి?

గోపన్న మొదట చందాలు అడిగాడు. సరిపోలేదు. అప్పుడు ఊళ్లవాళ్లే ఒక మాట అన్నారని ఆలయ సంప్రదాయం చెప్తుంది: ముందు శిస్తు సొమ్ముతో పని మొదలుపెట్టండి, పంటలు చేతికొచ్చాక మేం కలిసి కట్టేస్తాం అని. ఆయన ఒప్పుకున్నాడు. గోల్కొండ అనుమతి మాత్రం లేదు. మొత్తం ఆరు లక్షలు ఖర్చయిందంటారు. గుడి, ప్రాకారం, పైగా సీతమ్మకీ లక్ష్మణుడికీ రాముడికీ నగలు. శిఖరం మీద సుదర్శన చక్రం ఎలా నిలపాలో తెలియక ఆయన దిగులుపడితే, స్వామి కలలో కనబడి గోదావరిలో వెతకమన్నాడని, అక్కడే చక్రం దొరికిందని కథ.

మరి ఇది తప్పా ఒప్పా? మన వయసువాళ్లకి ఈ ప్రశ్న రావాలి. ఆఫీసులో కంపెనీ డబ్బు తీసి మంచిపనికి పెడితే మనని ఏమంటారు? పంట వచ్చాక ఇస్తామన్న మాట మీద రాజు ఖజానా సొమ్ము ఖర్చుపెట్టడం లెక్క ప్రకారం తప్పే. తానీషా ఖైదు చేయించాడంటే అది మతద్వేషం అని కొందరు చెప్తుంటారు, నాకది నమ్మబుద్ధి కాదు. బ్రాహ్మణ మంత్రుల చేతిలో రాజ్యం పెట్టిన మనిషి ఆయన. శిస్తు బాకీపడ్డ అధికారిని ఆ రోజుల్లో ఏ రాజైనా లోపల వేసేవాడు. పైగా మేనమామలు మంత్రులు, వాళ్లు నోరు విప్పితే మేనల్లుడి కోసం ఖజానాకి కన్నం పెట్టారంటారు. గోపన్నకి అది తెలియకపోలేదు. తెలిసే సంతకం పెట్టాడు. ఒక్క పైసా తన ఇంటికి తీసుకెళ్లలేదన్నదే ఆయనకున్న ఒకే ఒక్క జవాబు.

పన్నెండేళ్లు జైలు. ఇప్పుడు గోల్కొండ కోట ఎక్కేటప్పుడు దారిలో రామదాసు బందీఖానా అని చూపిస్తారు. లోపల గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులు, హనుమంతుడు ఉంటారు. పైనుంచి కాస్త వెలుతురు పడుతుంది. సెల్ఫీ తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాం. అక్కడ పదినిమిషాలు ఊరికే కూర్చుని చూడండి.

ఆయన కీర్తనల్లో నాకు నచ్చేది కోపం. రాముణ్ణి బతిమాలతాడు, ఏడుస్తాడు, చివరికి నగల లెక్క తీస్తాడు. ఎవరికి ఏ నగ, ఎన్ని వరహాలు, అన్నీ చెప్పి, ఇది నీ తండ్రి ఇచ్చాడా అన్నంత దాకా పోతాడు. తహసీల్దారు కదా, పద్దులు నోటికొచ్చు! మళ్లీ వెంటనే అలా అన్నందుకు క్షమించమంటాడు. ఇంట్లో పెద్దవాళ్లతో మనం పోట్లాడి, ఆ తర్వాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడే తీరు అది. దాశరథీ శతకం కూడా ఆయనదే. ఆ తర్వాతి శతాబ్దంలో పుట్టిన త్యాగరాజస్వామి తన రచనల్లో రామదాసుని తలుచుకున్నాడు.

ఎందుకు పన్నెండేళ్లే అంటే పెద్దలు ఇంకో కథ చెప్తారు. పూర్వజన్మలో ఆయన ఒక చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. రోజుకొక ఏడు. చిన్నప్పుడు ఇది విని నేను పక్కింటివాళ్ల చిలకని వదిలేయమని గొడవ చేశాను.

విడుదల మీకు తెలిసిందే. ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పి తానీషా పడకగదిలోకే వచ్చి, ఆరు లక్షలూ పోసి, రసీదు రాయించుకుని వెళ్లిపోయారు. ఆ రసీదు జైల్లో నిద్రపోతున్న గోపన్న పక్కన దొరికింది. తెల్లారి అందరికీ తెలిసింది. తానీషాకి దర్శనమైంది, తనకి కాలేదని గోపన్న కుమిలిపోయాడంటారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పన్నెండేళ్లు పిలిచినవాడు నిద్రలో ఉన్నాడు, ఎప్పుడూ పిలవనివాడు లేచి లెక్కపెట్టుకున్నాడు.

తర్వాత చరిత్ర చకచకా నడిచింది. 1686లో అక్కన్న మాదన్నలని గోల్కొండలో చంపేశారు. 1687లో కోట ఔరంగజేబు చేతికి వెళ్లింది. తానీషాని దౌలతాబాదు కోటలో బంధించారు, 1699లో అక్కడే పోయాడు. లెక్కేస్తే అదీ పన్నెండేళ్లే. ఎవరూ కట్టిన కథ కాదు ఇది, తేదీలు అలా ఉన్నాయి.

గోపన్న మళ్లీ భద్రగిరికే వెళ్లి రాముడి సేవలో మిగిలిన రోజులు గడిపాడని చెప్తారు. తానీషా మొదలుపెట్టిన ఆనవాయితీ మాత్రం ఆగలేదు. ఏటా శ్రీరామనవమికి హైదరాబాదు నుంచి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు భద్రాచలం వెళ్తాయి. ఆ తలంబ్రాలు పసుపు రంగులో కాకుండా ఎర్రగా ఉంటాయి, గులాలు కలుపుతారు కాబట్టి. గులాలు కలపడం కూడా నవాబు కాలం నుంచే అంటారు. ఈసారి టీవీలో కల్యాణం చూసేటప్పుడు రంగు గమనించండి.