రుణం మరువని మహనీయుడు

ఏటా ఏప్రిల్ 14న మన హాస్టల్లో అంబేద్కర్ గారి ఫోటోకి దండ వేసి, ఆయన డిగ్రీలన్నీ వరసగా అప్పజెప్పడం మనకు అలవాటు. ఎవరు ఎక్కువ చెబితే వాళ్లకి చప్పట్లు ఎక్కువ. ఈసారి ఆ జాబితా పక్కన పెట్టి, ఆయన ఎవరెవరికి కృతజ్ఞత చెప్పుకున్నారో రాయాలనుకున్నాం. పీజీకి వచ్చాక లైబ్రరీలో ఆయన పుస్తకాలు తిరగేస్తుంటే మా చూపు ముందుగా ఆగింది అంకితం పేజీల దగ్గరే. పరీక్షల్లో ఆ పేజీల మీద ప్రశ్న రాదు కాబట్టి కాబోలు, ఎవరూ వాటిని పట్టించుకోరు.

భీమ్‌రావ్ 1891లో మధ్యప్రదేశ్‌లోని మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే కన్నుమూసింది. సతారా బడిలో కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తీసుకెళ్లేవారు. దాహం వేస్తే బంట్రోతు వచ్చి కుళాయి తిప్పాలి. బంట్రోతు లేని రోజు నీళ్లు లేవు. ఇది మనందరికీ తెలిసిన కథే. అదే బడిలో అంబేద్కర్ అనే ఇంటిపేరున్న ఒక బ్రాహ్మణ పంతులుగారు ఆ పిల్లవాడికి రోజూ తన రొట్టె, కూరలో కొంత పెట్టేవారని మాత్రం అంత తరచుగా చెప్పుకోం. నీళ్లు ఇవ్వని బడినీ, అన్నం పెట్టిన పంతులునీ ఆయన రెండింటినీ గుర్తు పెట్టుకున్నారు. దేని కోసమూ రెండోదాన్ని దాచలేదు.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అక్కడే. పిల్లవాడు పెందలాడే పడుకునేవాడు. తెల్లవారుజామున రెండింటికి తండ్రి లేపి దీపం దగ్గర కూర్చోబెట్టి, అప్పుడు తాను నడుం వాల్చేవాడు. కొడుకు పుస్తకం అడిగితే చేతిలో డబ్బు లేక, పెళ్లయిన కూతురి దగ్గరికి వెళ్లి ఆమె నగ తాకట్టు పెట్టి కొనిచ్చేవాడు. తమ్ముళ్లూ, మన ఇళ్లలో చెవిదిద్దులు తాకట్టుకు వెళ్లిన సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఆ ఫీజులు ఎక్కడి నుంచి వచ్చాయో మాకూ తెలుసు. రాంజీ 1913 ఫిబ్రవరిలో చనిపోయారు. కొడుకు విదేశీ చదువు ఆయన చూడలేదు. 1923లో వచ్చిన రూపాయి సమస్య అనే పుస్తకాన్ని అంబేద్కర్ తల్లిదండ్రుల స్మృతికి అంకితం చేశారు.

1907లో మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను కానుకగా ఇచ్చారు. కాలేజీ చదువుకి డబ్బు లేదని తెలిసి, బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లిందీ ఆయనే. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. 1913లో అమెరికా కొలంబియా యూనివర్సిటీకి పంపిందీ ఆ మహారాజే.

ఒప్పందం ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. ఊళ్లో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని పదిమందికి పైగా వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రులను అడిగినా చోటు దొరకలేదు. పార్కులో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు.

ఇంత అవమానం జరిగిన ఊరి రాజుకి ఇక ఎవరైనా దండం పెడతారా? 1925లో ఆయన ఆర్థికశాస్త్ర గ్రంథం, బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల చరిత్ర మీద రాసింది, లండన్‌లో అచ్చయింది. చదువులో చేసిన సాయానికి గుర్తుగా దాన్ని శాయాజీరావుకే అంకితం చేశారు. బరోడాలో జరిగింది మరిచిపోయారా అంటే లేదు. ఆ సత్రం సంగతి, కర్రల సంగతి తర్వాత తానే వివరంగా రాసిపెట్టారు. మేలు ఒక ఖాతా, అన్యాయం ఇంకో ఖాతా. ఒకదాంతో ఇంకోదాన్ని చెల్లు వేయలేదు.

ఇది మనకెందుకంటే, మనలో చాలామందిమి ఒక మాట వింటూ పెరిగాం. సర్కారు తిండి తింటున్నారు, పురుగులొచ్చినా మాట్లాడకూడదు అని. తెల్లవారకముందే పొయ్యి దగ్గర నిలబడే వంటమనిషికి, కామాటికి, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లిన వాచ్‌మన్‌కి మనం రుణపడే ఉన్నాం. ముక్కిపోయిన బియ్యం గురించి అడగడం ఆ రుణాన్ని ఎగ్గొట్టడం కాదని మా అభిప్రాయం.

రమాబాయి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. భర్త విదేశాల్లో చదువుతుంటే ఇల్లు నెట్టుకొచ్చింది ఆమె. నెత్తిన పేడ గంపలు మోసింది. పుట్టిన అయిదుగురిలో మిగిలింది యశ్వంత్ ఒక్కడే. 1935లో ఆమె పోయారు. 1940లో పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ రాము అనే ముద్దుపేరుతో ఆమె స్మృతికి అంకితమిచ్చారు. అంత బరువైన రాజకీయ గ్రంథం మొదట్లో ఆ ఇంటి పేరు చూస్తే మనసు ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆమె బతికుండగా ఆ పేజీ చూసుకుని ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.

ముఖం చూడనివాళ్లకూ రుణపడ్డారు. శూద్రులెవరు అన్న 1946 నాటి పుస్తకం జోతిబా ఫూలేకి. ఫూలే చనిపోయిన నాలుగున్నర నెలలకు గానీ అంబేద్కర్ పుట్టలేదు. 1948లో వచ్చిన అంటరానివారు అనే పుస్తకం నందనార్, రవిదాస్, చోఖామేళాలకు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అందరూ ఆయన్ని పొగిడాక, ఆ ఘనత పూర్తిగా తనది కాదన్నారు. తొలి చిత్తుప్రతి తయారుచేసిన బి.ఎన్.రావు గారి పేరు చెప్పారు, ముసాయిదా కమిటీ సభ్యులను తలిచారు. క్లిష్టమైన విషయాన్ని తేట మాటల్లో పెట్టగల ఎస్.ఎన్.ముఖర్జీకి ఎక్కువ వాటా ఇచ్చారు. అర్ధరాత్రి దాటాక కూడా పనిచేసిన సిబ్బందిని సైతం వదల్లేదు. అదే ఉపన్యాసంలో, దేశానికి సేవ చేసినవాళ్ల పట్ల కృతజ్ఞత తప్పుకాదు గానీ దానికీ ఒక హద్దు ఉందని, ఆత్మగౌరవాన్ని, స్వేచ్ఛను అమ్ముకునేంత కృతజ్ఞత కూడదని హెచ్చరించారు. రెండూ ఒకే రోజు, ఒకే నోట వచ్చిన మాటలు.

తాను అందుకున్న 25 రూపాయలను ఆయన ఎలా తిరిగి ఇచ్చారో కూడా చూడాలి. 1924లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరిచింది. 1940లలో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉండి, దళిత విద్యార్థుల ఉన్నత చదువుకి ఏటా 3 లక్షల రూపాయలు మంజూరు చేయించారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లోనే. ఆలస్యంగా వచ్చినందుకు మనం తిట్టుకునే స్కాలర్‌షిప్ అదే. 1956 మార్చి 18న ఆగ్రాలో మాత్రం ఆయన కళ్లనీళ్ల పర్యంతమయ్యారంటారు. చదువుకున్నవాళ్లు తమ వాళ్లను వదిలేసి సొంత పొట్ట చూసుకుంటున్నారని బాధపడ్డారు. మన పూర్వ విద్యార్థులు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగితే సంతోషిస్తాం.

అదే ఏడాది డిసెంబరు 5 రాత్రి, ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లో, బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథానికి రాసిన ముందుమాట కాగితాలు తన బల్ల మీద పెట్టమన్నారు. అందులో దాదా కేళూస్కర్ ఇచ్చిన ఆ పాత పుస్తకం ప్రస్తావన ఉంది. తన ఆయువు పొడిగించినందుకు డాక్టర్ మాల్వంకర్‌కీ, భార్య సవితకీ కృతజ్ఞతలున్నాయి. తెల్లారేసరికి ఆయన లేరు. గ్రంథం 1957లో అచ్చయింది. ఆ ముందుమాట అందులో వేయలేదు. అది పాఠకుల చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.