పాతది నడుస్తుండగానే కొత్తదారి పట్టిన రాబర్ట్ నాయిస్

సెల్‌ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉండే చిప్ పేరు మనందరికీ తెలుసు. దానికి బాట వేసినవారిలో ముఖ్యులైన రాబర్ట్ నాయిస్ జీవితం మన హాస్టల్ మిత్రులకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

నాయిస్ 1927 డిసెంబరు 12న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి చర్చి పాస్టరు. గ్రిన్నెల్ కళాశాలలో చదివేటప్పుడు హాస్టల్ విందు కోసం ఒక రైతు పందిపిల్లను దొంగిలించి ఒక సెమిస్టరు సస్పెండయ్యారు. అయినా చదువు వదలక 1949లో డిగ్రీ, 1953లో ఎం.ఐ.టి. నుండి డాక్టరేటు పొందారు. 1957లో ఏడుగురు సహచరులతో కలిసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీ స్థాపించారు.

అక్కడ మొదట ‘మెసా’ పద్ధతిలో ట్రాన్సిస్టర్లు చేసేవారు. 1958లో మొదటి 100 ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటి 150 డాలర్లకు ఐ.బి.ఎం. కొన్నది. కానీ డబ్బా లోపల రాలిన లోహపు నలుసు పైకి తేలి ఉన్న సంధికి తగిలితే ట్రాన్సిస్టర్ చెడిపోయేది. పెన్సిలుతో తట్టి చూసి మంచివి ఏరేవారు. సహచరుడు జీన్ హోర్ని ఆ సంధిని ఆక్సైడ్ పొరతో కప్పి ఉంచే ‘ప్లేనార్’ పద్ధతి కనిపెట్టారు.

మారాలా, వద్దా? పాత సరుకు అమ్ముడవుతోంది. కొత్త పద్ధతిలో మొదట పనికిరాకుండా పోయేవే ఎక్కువ. అయితే పాతదాని లోపం ఎంత ఏరినా తీరేది కాదు. పైగా 1959లో జనరల్ మేనేజరే కొందరితో వెళ్లి పోటీ కంపెనీ పెట్టారు. ఆ స్థానంలోకి వచ్చిన నాయిస్ కొత్త పద్ధతికే మొగ్గారు. 1960లో ప్లేనార్ ట్రాన్సిస్టర్ బజారుకు వచ్చింది. ఆక్సైడ్ పొరపైనే లోహపు గీతలు పరచి, అనేక భాగాలను ఒకే సిలికాన్ ముక్కపై కలపవచ్చని నాయిస్ 1959లోనే గ్రహించారు. 1961లో పేటెంటు లభించింది.

1968లో గార్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ స్థాపించారు. అక్కడ మూడు తయారీ పద్ధతులు పరీక్షించారు. మరీ సులువైనదాన్ని ఇతరులు వెంటనే చేసేస్తారు. మరీ కష్టమైనది డబ్బు అయిపోయేలోగా తేలదు. నడిమి కష్టమున్న సిలికాన్ గేట్ పద్ధతే వారిని నిలబెట్టింది. 1980లలో జపాన్ ముందుకు దూసుకుపోగా, అమెరికన్ కంపెనీలు తయారీని మెరుగుపరచుకునేందుకు పెట్టుకున్న సెమాటెక్ సంస్థకు 1988లో నాయకత్వం వహించారు. 1990 జూన్ 3న ఆస్టిన్‌లో కన్నుమూశారు.

మన సీనియర్లలో టైపు లోయర్, హయ్యర్ పాసైనవారు ఉన్నారు. టైపు పని దొరుకుతున్న రోజుల్లోనే కంప్యూటర్ నేర్చుకున్నవారు నిలదొక్కుకున్నారు. మిత్రులారా, చేతిలో పని ఉన్నప్పుడే దాని లోపం తెలుసుకుందాం, మన శక్తికి అందే కొత్త విద్య మొదలుపెడదాం.