పాముల గుట్టు విప్పిన విశాఖ వైద్యుడు

వానలు పడితే బొబ్బిలి చుట్టుపక్కల పొలం పనులు జోరందుకుంటాయి. పాముకాట్లూ అప్పుడే ఎక్కువ. కాటు పడగానే ఏదో ఒక వేరు నూరి తాగించడం పల్లెల్లో పాత అలవాటు. పేరులోనే పాము ఉన్న సర్పగంధ (పాతాళగంధి) వేరును ఇందుకు వాడటం మరీ పాతది. పాముకాటు మందులు నిజంగా పనిచేస్తాయా అని రెండు వందల ఏళ్ల కిందటే పరీక్షించి చూసిన వైద్యుడు ఒకరు మన ప్రాంతంలో ఉండేవారు. ఆయనే పాట్రిక్ రసెల్.

రసెల్ 1727లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి వైద్యం చేశారు. అక్కడ ప్లేగు చెలరేగినప్పుడూ రోగులను వదిలి వెళ్లలేదు. 1781లో కుంపిణీ ఉద్యోగి అయిన సోదరుడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చారు. బొబ్బిలి సీమ కూడా అప్పట్లో విశాఖ పరిధిలోనిదే. 1785లో కుంపిణీ ఆయన్ను ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది.

పామంటే జనం పడే భయం ఆయన్ను ఆలోచింపజేసింది. ఏది విషసర్పమో, ఏది కాదో తెలిస్తే సగం భయం పోతుందనుకున్నారు. పాములను తెప్పించి, బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నారు. కాటుక రేకుల పొడ అలా పుస్తకానికెక్కిందే. నేటి వైద్యులు రసెల్స్ వైపర్ అనే ఆ పాము మన రక్తపింజర.

అప్పట్లో తంజావూరు మాత్రకు పాముకాటు మందుగా గొప్ప పేరు. అందులో పాషాణం ఉండేది. రసెల్ కోళ్ల మీద, కుక్కల మీద పరీక్షించి, దాన్ని నమ్ముకోలేమని తేల్చారు. అలాగని మూలికలను ఆయన చిన్నచూపు చూడలేదు. ఇక్కడి మొక్కల పేర్లు, ఉపయోగాలతో పుస్తకం రావాలని ప్రతిపాదించిందీ ఆయనే. 1789లో స్వదేశం వెళ్లి, 1796లో పాముల పుస్తకం వెలువరించారు. 1805లో లండన్‌లో కన్నుమూశారు.

సర్పగంధకూ ఆయన పద్ధతే వర్తిస్తుంది. ఈ వేరును ఆయుర్వేదంలో నిద్రలేమికి, ఉన్మాదానికి, రక్తపోటుకు వాడతారు. 1952లో దీని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. అది రక్తపోటును నిజంగానే తగ్గిస్తుంది. మోతాదు మించితే మాత్రం గుండె నెమ్మదిస్తుంది, మత్తు, ముక్కుదిబ్బడ, తీవ్రమైన కుంగుబాటు రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కుంగుబాటు, కడుపులో పుండ్లు ఉన్నవారు దీని జోలికి వెళ్లొద్దు. బీపీ మాత్రలు వేసుకునేవారు సొంతంగా వాడకూడదు.

పాము విషానికి మాత్రం ఇది విరుగుడు కాదు. అసలే రక్తపింజర కాటుకు రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు ఈ వేరు ఇస్తే మరింత ముప్పు. కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. విషానికి విరుగుడు అక్కడిచ్చే యాంటీవీనమ్ ఇంజెక్షనే. వేరు నూరుతూ పోగొట్టుకునే ప్రతి నిమిషమూ ప్రాణానికి చేటే.