తూటా తడబడకుండా చూసిన మనిషి: జాన్ బ్రౌనింగ్

అలహాబాద్ మ్యూజియంలో చంద్రశేఖర్ ఆజాద్ పిస్టల్ ఉంది. 1931 ఫిబ్రవరి 27న ఆల్‌ఫ్రెడ్ పార్కులో ఆయనతో ఉన్నది అదే. అమెరికాలో కోల్ట్ కంపెనీ చేసిన 1903 మోడల్. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1911 జూన్ 17న, మణియాచ్చి స్టేషన్‌లో వాంచినాథన్ కలెక్టర్ యాష్‌ను కాల్చిన పిస్టల్ బెల్జియంలో తయారైంది. దేశాలు వేరు, కంపెనీలు వేరు. రెండింటి వెనుకా ఉన్న బుర్ర మాత్రం జాన్ మోజెస్ బ్రౌనింగ్‌దే.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికాలో యూటా ప్రాంతంలోని ఆగ్డెన్ ఊళ్లో పుట్టాడు. తండ్రి జొనాథన్ తుపాకుల పనివాడు. మోర్మన్ మతస్థుడు. ముగ్గురు భార్యలు, ఇరవై రెండు మంది పిల్లలు. మన సుగటూరు పాళెగాళ్ల కాలంలో గానీ, బూదికోటలో పుట్టిన హైదరాలీ కాలంలో గానీ తుపాకీకి ప్రతి గుండుకూ విడిగా మందు కూరాలి, గుండు దించాలి, మళ్లీ గురి చూడాలి. జొనాథన్ ఆ అవస్థ తగ్గించాలని ఒక ఇనుప కడ్డీకి వరుసగా గుంతలు చేసి, వాటిలో మందూ గుండూ ముందే నింపి, కడ్డీని పక్కకు జరుపుతూ కాల్చే తుపాకీ చేశాడు. మౌతార్గన్‌లా ఉంటుందని దానికి హార్మోనికా తుపాకీ అని పేరు పడింది. తరువాతి తూటాను త్వరగా, తప్పకుండా అందించడమెలా అన్న ప్రశ్న కొడుక్కి తండ్రి ఇచ్చిన ఆస్తి అని మేము అనుకుంటాం.

చదువు పెద్దగా లేదు. చిన్నప్పుడే పాత ఇనుప ముక్కలతో తుపాకీ కట్టాడు. 1879లో తండ్రి పోయాడు. పెళ్లి, మొదటి పేటెంటు కూడా ఆ ఏడాదే. అన్నదమ్ములు కలిసి చిన్న కార్ఖానా పెట్టి ఒంటి గుండు రైఫిళ్లు చేశారు. 1883లో వించెస్టర్ కంపెనీ పెద్దమనిషి ఆగ్డెన్ దాకా వచ్చి, ఎనిమిది వేల డాలర్లకు ఆ హక్కులు కొనుక్కుపోయాడు. అక్కడి నుంచి పంతొమ్మిదేళ్లు వారితోనే బేరం. మధ్యలో రెండేళ్లు పని ఆపి జార్జియాలో మతప్రచారం చేసివచ్చాడు.

తిరిగి వచ్చాక 1889లో ఒక కొత్త సంగతి కనిపెట్టాడు. రైఫిల్ పేలినప్పుడు గొట్టం ముందున్న గడ్డి ఊగడం చూసి, వృథాగా పోతున్న ఆ వాయువు చేతే తుపాకీ పని చేయించవచ్చునని ఆలోచించాడు. ఆపై తానే తిరిగి నింపుకునే ఆయుధాల మీద పడ్డాడు. మొత్తం 128 పేటెంట్లు.

1902లో, అంటే శివసముద్రం నుంచి మన కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చిన ఏడాదే, ఆయన వించెస్టర్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. తానే నింపుకునే షాట్‌గన్‌కు ఒక్కసారి ధర కాకుండా రాయల్టీ ఇమ్మన్నాడు. వారు కాదన్నారు. రెమింగ్టన్‌కు తీసుకెళ్తే, ఈయన ఎదురుచూస్తుండగానే అక్కడి అధ్యక్షుడు గుండెపోటుతో పోయాడు. దాంతో ఓడెక్కి బెల్జియంలోని లీజ్‌కు, ఎఫ్.ఎన్. కార్ఖానాకు వెళ్లిపోయాడు. ఆయన పిస్టళ్లు అక్కడ అప్పటికే తయారవుతున్నాయి. ఎంతగా అమ్ముడయ్యాయంటే, ఫ్రెంచి వాడుకలో పిస్టల్‌కే బ్రౌనింగ్ అన్న పేరు వచ్చింది.

పిస్టల్ గొప్పదనమంతా గొట్టంలో ఉందనుకుంటారు. నిజానికి ప్రాణం ఉండేది పిడిలోకి దూరే ఆ రేకు పెట్టెలో, మ్యాగజైన్‌లో. లోపల ఒక స్ప్రింగు, దాని మీద తూటాలను మోసే పలక, పైన లోపలికి వంగిన రెండు పెదవులు. అంతే సరంజామా. పిస్టల్ పేలగానే పైన ఉన్న స్లైడు వెనక్కి పోయి ఖాళీ తూటాను విసిరేస్తుంది. ఆ రెప్పపాటులో స్ప్రింగు కింది తూటాను పెదవుల దాకా ఎత్తాలి. ముందుకొచ్చే స్లైడు దాన్ని నెట్టి గొట్టంలోకి పంపాలి. పెదవులు వెడల్పైతే తూటా ముక్కు పైకెత్తి అడ్డం పడుతుంది. బిగుసుకుంటే కదలదు. స్ప్రింగు నీరసిస్తే తూటా పైకి చేరేలోపే స్లైడు ఖాళీగా దాటిపోతుంది. పెట్టెకు చిన్న సొట్ట పడినా, లోపల దుమ్మూ జిడ్డూ పేరుకున్నా ఇదే గతి. గనుల్లో ఫిట్టరు పని చేసిన ఇళ్లవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ పనితనానికి పరీక్ష 1911 మార్చిలో జరిగింది. అమెరికా సైన్యం కోల్ట్ తరఫున బ్రౌనింగ్ పిస్టల్‌నూ, సావేజ్ కంపెనీ పిస్టల్‌నూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కదానితో ఆరు వేల తూటాలు కాల్పించింది. సావేజ్ 37 సార్లు తడబడింది. బ్రౌనింగ్‌ది ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. ఏడు తూటాల ఆ పిస్టల్ డెబ్బై ఏళ్లకు పైగా అక్కడి సైనికుల చేతిలో ఉంది.

ఇంత నమ్మకమైన యంత్రం ఎవరి చేతిలోనైనా అంతే నమ్మకంగా పనిచేస్తుంది. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన పిస్టల్ కూడా ఆయన నమూనాయే. దాని వెనుకే ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ యుద్ధానికి తన మెషిన్‌గన్ హక్కులను అమెరికా ప్రభుత్వానికి చాలా తక్కువకే ఇచ్చాడు. ఈ రెంటినీ ఒకే త్రాసులో ఎలా తూచాలో మాకు తెలియదు.

లైసెన్సు పిస్టల్ ఉన్న ఇళ్లు మన వైపు కొద్దే. ఉన్నవారికి ఒక మాట. శుభ్రం చేసే ముందు మ్యాగజైన్ తీసేయాలి, ఆ తరువాత గొట్టంలో తూటా లేదని కళ్లారా చూడాలి. మ్యాగజైన్ లోపల నూనె కారేలా పోయకూడదు, దుమ్ము దానికే అంటుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రెండు మూడు మ్యాగజైన్లుంటే వాటికి అంకెలు వేసుకోవాలి, తప్పు పిస్టల్‌దో పెట్టెదో అప్పుడే తెలుస్తుంది. పెదవులను పట్టకారుతో వంచే పని ఇంట్లో వద్దు. లైసెన్సున్న పనివాడికి చూపించాలి, లేదా కొత్తది కొనాలి.

1926 నవంబరు 26న లీజ్‌లో, ఎఫ్.ఎన్. కార్ఖానాలో, కొడుకు వాల్ ఆఫీసు గదిలో బ్రౌనింగ్ గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి ఆయన చేతిలో ఇంకో పిస్టల్ సగంలో ఉంది. దాన్ని డ్యూడొన్నే సైవ్ అన్న బెల్జియం పనివాడు పూర్తిచేశాడు. తూటాలను రెండు వరుసల్లో పక్కపక్కన సర్ది, పైకి వచ్చేసరికి ఒకే దారికి తెచ్చే పదమూడు తూటాల మ్యాగజైన్ ఆ సైవ్‌దే. 1935లో అది హైపవర్ పేరుతో వచ్చింది. మన దేశంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎం.ఎం. 1ఏ పిస్టల్, ఆ హైపవరే.