డాక్టరు రుఖ్మాబాయి

న్యాయస్థానముల తీర్పులలో పేరు చిక్కుకొని, ఆ తీర్పుల మూలముననే లోకమునకు గుర్తుండువారు కొందఱు కలరు. వారు ఏ తగవున నిలిచిరో జనులు చెప్పుకొందురు గాని, తగవు తీరిన పిదప వారెట్లు జీవించిరో విచారింపరు. డాక్టరు రుఖ్మాబాయి అట్టివారిలో నొకరు. 1884 మొదలు 1888 వఱకు నడచిన ఒక వ్యాజ్యము వలన ఆమె పేరు బొంబాయిలోనే గాక లండనులో కూడ మాఱుమ్రోగెను. అటుపిమ్మట సుమారు 35 సంవత్సరములు ఆమె స్త్రీలకును శిశువులకును చేసిన వైద్యసేవ మాత్రము ఆ మ్రోతలో మఱుగుపడిపోయెను. తెలుగునాట ఆమె నెఱిగినవారు అరుదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆమె చరిత్రను చేర్చుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. పదునొకండవ యేట బడి మానవలసివచ్చిన ఆ బాలికను చదువునకు దూరము కానీయక కాపాడినవి ఒక గ్రంథాలయపు పుస్తకములు.

రుఖ్మాబాయి 1864 నవంబరు 22వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తండ్రి జనార్దన పాండురంగ్, తల్లి జయంతీబాయి. ఆ తల్లికి 14వ యేట వివాహము, 15వ యేట కాన్పు, 17వ యేట వైధవ్యము సంభవించెను. వారిది వడ్రంగి కులము. ఆ కులమున వితంతువులు మరల పెండ్లాడుటకు అడ్డు లేదు. కొన్ని యేండ్లకు జయంతీబాయి డాక్టరు సఖారామ్ అర్జున్ గారిని వివాహమాడెను. ఆయన గ్రాంటు వైద్య కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన పండితుడు. 1883లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమును స్థాపించిన యెనమండుగురిలో నొకడు. పునర్వివాహమునకు ముందే జయంతీబాయి తన మొదటి భర్త ఆస్తిని కుమార్తెకు సంక్రమింపజేసెను. తరువాతి కథలో ఈ యాస్తికి గూడ పాత్ర కలదు.

నాటి ఆచారమునుబట్టి 11 ఏండ్ల ప్రాయమున రుఖ్మాబాయిని దాదాజీ భికాజీ యను 19 ఏండ్ల యువకున కిచ్చి పెండ్లి చేసిరి. అతడు సఖారామ్ గారి బంధువు, బీదవాడు. అతడు ఇల్లరికముండి చదువుకొని ప్రయోజకుడగునట్లును, అందులకగు వ్యయమును అత్తవారు భరించునట్లును ఏర్పాటు జరిగెను. కొలది నెలలకు బాలిక యీడేరెను. వెంటనే కార్యము జరిపింపవలెనని వరుని పక్షమువారు తొందరపెట్టిరి. పండ్రెండేండ్ల పిల్లను కాపురమునకు పంపుటకు వైద్యుడైన సఖారామ్ గారు సమ్మతింపలేదు. దాదాజీకి చదువు రుచింపలేదు. అతడు మేనమామ యింట చేరి, పనిపాటలు లేక, అప్పులపాలయ్యెను.

బడికి పోవు వీలు లేకపోయినను రుఖ్మాబాయి చదువు మానలేదు. ఫ్రీ చర్చి మిషను వారి గ్రంథాలయము నుండి పుస్తకములు తెచ్చుకొని ఇంటనే చదువుకొనెను. ఇంగ్లీషు భాషలో పత్రికలకు వ్యాసములు వ్రాయగల శక్తిని సంపాదించెను. తల్లితో గూడ ప్రార్థనా సమాజము, ఆర్య మహిళా సమాజముల వారపు సభలకు పోవుచుండెను. ఆ దినములలోనే మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. బాల్యవివాహము వలన స్త్రీకి గలుగు దుఃఖమును గూర్చిన విచారము దేశమున పలుదిక్కుల మేల్కొనుచున్న కాలమది.

1884లో దాదాజీ భార్యను కాపురమునకు పంపవలసినదని న్యాయవాదిచే నోటీసు ఇప్పించెను. ఆమె పోనని చెప్పెను. అంతట అతడు బొంబాయి హైకోర్టులో దాంపత్య హక్కుల పునరుద్ధరణకై దావా వేసెను. ఆమె ఆస్తితో తన అప్పులు తీర్చుకొనవలెననియే అతని కోరిక యని ఆమె పక్షమువారు చెప్పిరి. ఆస్తి చేజారునను భయముతో తల్లి మొదలగువారే ఆమెను ఆపుచున్నారని అతడు చెప్పెను. కాని రుఖ్మాబాయి నిలిపిన ప్రశ్న ఆస్తిని గూర్చినది కాదు. తెలివి రాని వయస్సున, తన సమ్మతి లేకయే జరిగిన వివాహము తన్ను కట్టివేయగలదా యనునదే ఆమె ప్రశ్న. అంతకుముందు ఏ హిందూ స్త్రీయు ఈ ప్రశ్నను ఇంత బాహాటముగ న్యాయస్థానమున నిలిపి యుండలేదు.

ఇట్టి దావా మన ధర్మశాస్త్రములలో లేదు. ఇంగ్లండులో క్రైస్తవ మఠాధికారుల న్యాయస్థానములందు పుట్టి, ఆంగ్లేయుల వెంట మన దేశమునకు వచ్చినది. 1885 సెప్టెంబరు 21న న్యాయమూర్తి పిన్హే ఈ సంగతినే ప్రధానముగా గ్రహించి, యుక్తవయస్సున సమ్మతితో పెండ్లాడిన వారికై ఏర్పడిన ఆంగ్ల న్యాయమును పసితనమున పెండ్లి జరిగిన స్త్రీకి వర్తింపజేయరాదని దావా కొట్టివేసెను. ఆ యేడే సఖారామ్ గారు పరమపదించిరి. ఆ 1885లోనే ఒక హిందూ స్త్రీ యను మాఱుపేరుతో రుఖ్మాబాయి టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు రెండు లేఖలు వ్రాసెను. ఒకటి బాల్యవివాహమును గూర్చి, మఱియొకటి నిర్బంధ వైధవ్యమును గూర్చి. చదువుకొనవలెనను తన ఆశకు బాల్యవివాహ మెట్లు అడ్డుగోడ యయ్యెనో ఆ లేఖలలో వివరించెను.

దాదాజీ అప్పీలు చేయగా, 1886లో పై న్యాయమూర్తులు వ్యాజ్యమును పునర్విచారణకు పంపిరి. 1887 మార్చి నెలలో న్యాయమూర్తి ఫారన్, ఆమె భర్త యింటికి పోవలెను, లేనిచో ఆరునెలల కారాగారవాస మనుభవింపవలెనని తీర్పు చెప్పెను. ఇట్టి ఆజ్ఞను పాటింపని వారిని చెరసాలకు పంపు పద్ధతిని ఇంగ్లండు 1884లోనే మానివేసినది. అచ్చట రద్దయిన దండన ఇచ్చట 22 ఏండ్ల యువతికి విధింపబడెను. ఆమె చెరసాలకే పోయెదనని నిశ్చయముగా చెప్పెను.

దేశమంతయు రెండు పక్షములయ్యెను. బెహ్రాంజీ మలబారీ, పండిత రమాబాయి మొదలగువారు ఆమెకు అండగా నిలిచిరి. బాలగంగాధర తిలక్ గారి కేసరి పత్రిక, ఇది ఆంగ్లవిద్య ఫలితమనియు, హిందూధర్మమునకు ముప్పనియు వాదించెను. పరదేశ ప్రభుత్వము మన గృహములలో జొరబడునను భయము నాటి దేశభక్తులలో పెక్కుమందికి నిజముగనే కలదు. కాని ఆ భయము తగ్గుటకు ఒక స్త్రీ జీవితము మూల్యము కావలెనా యను ప్రశ్నకు వారి యొద్ద సమాధానము లేకపోయెను. తుదకు 1888 జూలైలో రాజీ కుదిరి, దాదాజీ 2,000 రూపాయలు పుచ్చుకొని తన హక్కు వదలుకొనెను. అతడు మరల పెండ్లి చేసికొనెను. రుఖ్మాబాయి చెరసాల తప్పించుకొనెను గాని, జీవితాంతము ఒంటరిగనే యుండెను.

సామాన్యముగా కథలు ఇచ్చటనే ముగియును. రుఖ్మాబాయి నిజమైన కృషి ఇచ్చటనే ఆరంభమయ్యెను. ఆ కాలమున పరదాలో నుండు స్త్రీలు పురుష వైద్యునకు చేయి చూపుటకు గూడ సంకోచించి, కాన్పు కష్టమైనచో ప్రాణములు వదలుచుండిరి. ఈ కొఱత తీర్చుటకు 1885లో లేడీ డఫెరిన్ పేర నిధి ఏర్పడెను. బొంబాయిలో 1886లో స్త్రీల కొఱకు కామా ఆసుపత్రి తెఱవబడెను. ఆ యాసుపత్రిలోని డాక్టరు ఎడిత్ పీచీ రుఖ్మాబాయిని ప్రోత్సహించి, విదేశవిద్యకు చందాలు కూర్చెను. 1889లో రుఖ్మాబాయి ఓడ యెక్కి, లండను స్త్రీల వైద్య పాఠశాలలో చేరి, 1894లో చదువు ముగించెను. మన దేశపు స్త్రీలలో ఆనందీబాయి జోషీ 1886లో అమెరికాలో పట్టము పొంది, వైద్యము ఆరంభింపకయే మఱుసటి యేడు మరణించినది. కలకత్తాలో కాదంబినీ గంగూలీ వైద్యము చేయుచుండెను. అట్టి తొలితరమున రుఖ్మాబాయి యొకతె.

1895లో ఆమె సూరతు నగరపు స్త్రీల ఆసుపత్రిలో ప్రవేశించెను. పిదప 1918లో, ప్రభుత్వ మహిళా వైద్యసేవలో ఉద్యోగమును కాదని, రాజకోట సంస్థానపు స్త్రీల ఆసుపత్రిలో చేరి, 1929 ప్రాంతమున విరమించు వఱకు పనిచేసెను. తన వలెనే పసితనమున పెండ్లియైన బాలికలను, చిన్న వయస్సున కాన్పుకు వచ్చిన తల్లులను ఆమె దినదినము చూడవలసి యుండెను. ఒకనాడు న్యాయస్థానమున తాను నిలిపిన ప్రశ్నకు సమాధానము కాన్పుగదులలో వెదకుచున్నట్లే ఆమె జీవితము సాగెను.

1904లో దాదాజీ చనిపోగా ఆమె వితంతువుల ఆచారము ననుసరించి తెల్లచీర ధరించెను. ఇది కొందఱికి వింతగా తోచవచ్చును. ఆమె పోరాడినది బలవంతముతోనే గాని తన వారి ఆచారములన్నింటితోను కాదని దీనివలన మనము ఊహింపవచ్చును. ఐనను స్త్రీలను గదులలో బంధించు పద్ధతిని ఆమె ఒప్పలేదు. ఉద్యోగ విరమణానంతరము పరదాను తొలగింపవలసిన యవసరమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. 1955 సెప్టెంబరు 25న, తన 90వ యేట బొంబాయిలో కన్నుమూసెను.

ఆమె వ్యాజ్యము రేపిన చర్చ వ్యర్థము కాలేదు. 1891లో బాలికల సమ్మతి వయస్సు 10 నుండి 12 ఏండ్లకు పెరిగెను. 1930లో అమలునకు వచ్చిన శారదా చట్టము బాలికల వివాహ వయస్సును 14గా నిర్ణయించెను. తరువాత అది 18కి పెరిగినది. దావా మాత్రము నిలిచియే యున్నది. ఇంగ్లండు దానిని 1970లో రద్దు చేసికొనెను. మన 1955 హిందూ వివాహ చట్టము 9వ సెక్షనున దానికి చోటిచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షను రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పగా, 1984లో సుప్రీంకోర్టు దానిని చెల్లుబాటగునని నిర్ణయించెను. రుఖ్మాబాయి అడిగిన ప్రశ్న మన హైకోర్టు వఱకు వచ్చి, నేటికిని తుది సమాధానము పొందలేదు.

గ్రంథాలయ సభ్యులు ఈ చరిత్ర నుండి గ్రహింపదగిన దొక్కటి కలదు. బొంబాయి మిషను గ్రంథాలయమున పుస్తకము లిచ్చినవారు, తమ పుస్తకములు చదువు ఆ పిల్ల యొకనాడు న్యాయస్థానమునకు ఎదురు నిలుచుననిగాని, వైద్యురాలై వేలమంది తల్లులకు ఊఱట యగుననిగాని ఎఱిగి యుండరు. మన గ్రంథాలయపు బీరువాల నుండి కూడ ఈ పాతికేండ్లలో ఎన్ని పుస్తకములు ఎవరి యిండ్లకు పోయి యేమి చేసినవో మనకు తెలియదు. గ్రంథాలయమునకు వచ్చి కూర్చుండు వీలు లేని ఆడుపిల్లలు మన గ్రామమున ఇంకను కలరు. పెద్దలు వారి పేర చందా కట్టి, పుస్తకములను ఇంటికి తీసికొనిపోయి వారి చేతికిత్తురు గాక. రుఖ్మాబాయి స్మృతికి మన గ్రామము చేయగల గౌరవము ఇదియే.