చీకట్లో మెరిసే ముల్లు వెనక...

చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రి టైమెంతయిందో తెలియాలంటే మా నాన్నగారి చేతివాచీయే దిక్కు. పచ్చగా వెలిగే ఆ రెండు ముళ్ళని చూడ్డానికి పిల్లలమంతా దుప్పట్లో దూరేవాళ్ళం. దాన్ని రేడియం వాచీ అనేవాళ్ళం. చీకట్లో మెరిసేదేదైనా మనకి రేడియమే కదా! బండి వెనక అంటించే స్టిక్కర్‌ని ఇప్పటికీ రేడియం అనే అంటున్నాం, అందులో రేడియం లేకపోయినా. ఆ ఒక్క మాట వెనక ఎందరు ఆడపిల్లల బతుకులున్నాయో గ్రేస్ ఫ్రయర్ కథ తెలిసేదాకా నాకూ తెలియదు.

గ్రేస్ 1899లో పుట్టింది. 1917లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ అనే ఊళ్ళో గడియారాల డయళ్ళకి రంగు వేసే ఫ్యాక్టరీలో చేరింది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన ఏడాది అది. కందకాల్లో ఉన్న సైనికులకి దీపం వెలిగించకుండానే టైము తెలియాలి. అందుకని చీకట్లో వెలిగే వాచీలకి గిరాకీ పెరిగింది. ఎన్ని డయళ్ళకి రంగేస్తే అంత డబ్బు. చెయ్యి తిరిగిన అమ్మాయి రోజుకి 250 దాకా వేసేది. గౌరవమైన పని, మంచి జీతం. అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు.

ఆ రంగు పేరు అన్‌డార్క్. జింక్ సల్ఫైడ్ పొడిలో రవ్వంత రేడియం కలిపి, జిగురూ నీళ్ళూ పోసి కలుపుకునేవారు. రేడియం నుంచి ఆగకుండా వెలువడే కణాలు జింక్ సల్ఫైడ్ రేణువులని తాకితే ఆకుపచ్చని వెలుగు పుడుతుంది. కానీ రంగు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పడిందంటే వెలుగు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. గీత కాస్త దాటితే అంకె అలుక్కుపోతుంది. సన్నని ముల్లు మీద ఆ కొసనుంచి ఈ కొసదాకా ఒకేలా పడాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి.

దానికి వాళ్ళకి నేర్పిన ఉపాయం ఒక్కటే. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు మనం కొసని పెదాలతో తడుపుతామే, అలాగే కుంచె మొనని పెదాల మధ్య పెట్టి సన్నం చెయ్యడం. నీళ్ళలో కడిగితే ఖరీదైన రేడియం వృథా అవుతుందని కంపెనీ లెక్క. అలా డయలు డయలుకీ కొంచెం కొంచెం రేడియం ఆ అమ్మాయిల కడుపులోకి వెళ్ళింది. లోపల లేబరేటరీలో పనిచేసేవాళ్ళకి మాత్రం సీసపు అడ్డు, పటకార్లు ఉండేవి. ఆడపిల్లలకి మాత్రం భయమేమీ లేదని చెప్పారు. ఆ రోజుల్లో రేడియాన్ని బలం మందుగా కూడా అమ్మేవారు మరి! పనినుంచి ఇంటికెళ్తే వాళ్ళ జుట్టూ బట్టలూ చీకట్లో మెరిసేవి. సరదాకి గోళ్ళకీ పళ్ళకీ కూడా పూసుకునేవారు. గ్రేస్ ముక్కు చీదుకుంటే రుమాలు వెలిగేది.

1920లో గ్రేస్ ఆ పని మానేసి బ్యాంకు ఉద్యోగంలో చేరింది. రెండేళ్ళు తిరిగేసరికి పళ్ళు కదలడం మొదలైంది. దవడ పాడైంది. వెన్నెముక దెబ్బతిని నడుముకి స్టీలు పట్టీ కట్టుకోవాల్సి వచ్చింది. రేడియాన్ని మన ఒళ్ళు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ కూర్చుని అది ఎముకని లోపల్నుంచి తినేస్తుంది. పాపం, ఈ సంగతి అప్పటి డాక్టర్లకీ అంతుపట్టలేదు.

ఆమెతో పనిచేసిన మాలీ మాజియా 1922లో చనిపోతే సుఖవ్యాధి అని రాసేశారు. ఒక ఆడపిల్ల ప్రాణం పోయింది, పైగా పేరూ పోయింది. ఇక కంపెనీ చేసిన పని చూడండి. హార్వర్డ్ నిపుణుడు సెసిల్ డ్రింకర్ చేత పరిశోధన చేయించి, ప్రమాదముందని ఆయన తేలిస్తే, ఆ నివేదికని దాచేసి అమ్మాయిలంతా భేషుగ్గా ఉన్నారని కార్మిక శాఖకి చెప్పింది. గ్రేస్‌ని పరీక్షించి ఆరోగ్యం బాగుందన్న పెద్దమనిషి అసలు వైద్యుడే కాదు. చివరికి 1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే ప్రభుత్వ వైద్యాధికారి ఆ అమ్మాయిల ఒంట్లో రేడియం ఉందని రుజువు చేశాడు.

గ్రేస్ కోర్టుకెక్కాలనుకుంది. కేసు తీసుకునే లాయరు దొరకడానికే రెండేళ్ళు పట్టింది. జబ్బు బయటపడేసరికే ఏళ్ళు గడిచాయి, చట్టం చూస్తే రెండేళ్ళ లోపలే దావా వెయ్యాలంటుంది. 1927 మేలో రేమండ్ బెర్రీ అనే యువ లాయరు ముందుకొచ్చాడు. గ్రేస్‌తో పాటు కేథరిన్ షాబ్, ఎడ్నా హస్‌మన్, మాలీ అక్కచెల్లెళ్ళు క్వింటా, అల్బీనా ఐదుగురూ దావా వేశారు. ఆ ఏడాది అక్టోబరులో మాలీ సమాధి తవ్వి చూస్తే ఎముకల నిండా రేడియం. ఐదేళ్ళ తర్వాత ఆమె మీద పడిన మచ్చ చెరిగిపోయింది.

1928 జనవరిలో విచారణ మొదలైనప్పుడు వాళ్ళలో కొందరు చెయ్యెత్తి ప్రమాణం కూడా చెయ్యలేకపోయారు. అలాంటివాళ్ళ కేసుని ఏప్రిల్లో సెప్టెంబరుకి వాయిదా వేశారు! పత్రికలు దుమ్మెత్తి పోశాయి. జూన్‌లో రాజీ కుదిరింది. మనిషికి 10,000 డాలర్లు, బతికున్నన్నాళ్ళు ఏడాదికి 600 డాలర్లు, వైద్యం ఖర్చులు. వాళ్ళడిగింది మాత్రం తలా రెండున్నర లక్షలు. ఆ రంగు కనిపెట్టిన సోషాకీ కూడా అదే ఏడాది నవంబరులో రేడియం వల్లే చనిపోయాడు.

గ్రేస్ 1933 అక్టోబరు 27న ఎముక క్యాన్సర్‌తో కన్నుమూసింది. అప్పటికి ఆమెకి 34 ఏళ్ళు. ఆ అమ్మాయిల ఒళ్ళు చెప్పిన లెక్కల ఆధారంగానే 1941లో మనిషి శరీరంలో రేడియం ఎంతకి మించకూడదో అమెరికా తేల్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో డయళ్ళకి రంగు వేసిన అమ్మాయిలకి ఆ కొలతే కాపు కాసింది.

ఇప్పటి వాచీల్లో వాడే స్ట్రాన్షియం అల్యూమినేట్ రంగులో రేడియం లేదు. 1993లో జపాన్‌లో నెమోటో కంపెనీ తెచ్చిన రకం అది. కాసేపు దీపం కింద పెడితే వెలుగు తాగి, చీకట్లో మెల్లగా వదులుతుంది. పాత జింక్ సల్ఫైడ్ కంటే ఎంతో ప్రకాశంగా, ఎక్కువసేపు. తాతల నాటి రేడియం వాచీ ఏదైనా మీ ఇంట్లో ఉంటే మాత్రం మూత విప్పకండి, పిల్లలకి ఆడుకోను ఇవ్వకండి. అందులో మెరుపు చచ్చిపోయి ఉండొచ్చు. కానీ వెలుగునిచ్చే రేణువులు అరిగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, అది సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది.

మొన్న సూదిలోకి దారం ఎక్కిస్తూ కొస పెదాల మధ్య పెట్టుకున్నాను. ఒక్క క్షణం చెయ్యి ఆగిపోయింది. చెప్పిన పని చెప్పినట్టు, చక్కగా, ఒక్క గీత కూడా దాటకుండా చేసిన అమ్మాయిలు కదా వాళ్ళు!