బెత్తం పట్టని మాస్టారు గిజుభాయి

మాస్టారి చేతిలో బెత్తం లేనిదే పిల్లవాడికి చదువు అబ్బదన్న నమ్మకం మన పల్లెల్లో ఈనాటిది కాదు. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం రుచి చూడకుండా పెద్దయినవారు అరుదు. దేశమంతటా ఇదే నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో గుజరాత్‌లో ఒక ప్లీడరు నల్లకోటు విప్పేసి, దెబ్బ లేని బడి నడిపి చూపించారు. ఆయనే గిజుభాయి బధేకా.

అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబర్ 15న సౌరాష్ట్రలోని చితల్ గ్రామంలో జన్మించారు. 1907లో బ్రతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్ళి, రెండేళ్ళకు తిరిగివచ్చారు. బొంబాయిలో లా చదివి, వఢ్వాన్‌లో ప్లీడరీ పెట్టారు. 1913లో కొడుకు పుట్టాడు. వాడిని ఎలా పెంచాలా అని వెతుకుతుండగా ఇటలీ దేశపు డాక్టర్ మరియా మాంటిసోరి పుస్తకం చేతికి వచ్చింది. దాంతో ఆయన దారి మారిపోయింది. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరి, 1920లో అక్కడే చిన్నపిల్లల కోసం బాలమందిరం ప్రారంభించారు.

బాలమందిరంలో శిక్షలు లేవు. విశేషమేమంటే బహుమతులు కూడా లేవు. భయపెట్టినా, ఆశ పెట్టినా పిల్లవాడు పనిని ప్రేమించడం నేర్చుకోడని గిజుభాయి నమ్మకం. చేతినిండా పని ఉన్న పిల్లవాడికి అల్లరి చేయడానికి తీరిక ఉండదని ఆయన గమనించారు. పాటలు, మట్టిబొమ్మలు, నాటకాలు బడిలోకి వచ్చాయి. వాటన్నిటికన్నా కథకు పెద్దపీట వేశారు. ఇంత ఓర్పుగా పిల్లల్ని చూసుకునే ఈ మగమనిషిని గుజరాత్ ప్రజలు మీసాల అమ్మ అని ముద్దుగా పిలుచుకున్నారు.

అయితే కొట్టకపోతే పిల్లలు వాటంతట అవే బుద్ధిగా కూర్చుంటారని ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన రాసిన దివాస్వప్నం చదివితే ఆ సంగతి తెలుస్తుంది. అది కల్పిత కథ. అందులో ఒక కొత్త మాస్టారు నాల్గవ తరగతిని ఏడాదిపాటు తనకు వదిలిపెట్టమని అధికారిని అడిగి పుచ్చుకుంటాడు. మొదటి రోజే మౌనం ఆట ఆడిద్దామని తలుపులు మూయించి, పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోమంటాడు. ఇంకేముంది, ఒకడు కూత పెట్టాడు, ఇంకొకడు నేల దబదబా బాదాడు, గదంతా గోల. హెడ్మాస్టరు విసుక్కున్నాడు. చేసేది లేక ఆ మాస్టారు పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు. ఇలాంటి రోజు తెలియని పంతులు ఏ ఊళ్ళోనూ ఉండడు.

ఆ రాత్రి ఆలోచించుకుని మర్నాడు కథ ఎత్తుకున్నాడు. అనగనగా ఒక రాజు అనేసరికి గది సద్దుమణిగింది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. ముందురోజు ఆజ్ఞాపిస్తే రాని మౌనం కథతో వచ్చింది. అక్కడినుంచి ఆటలు, గోళ్ళు జుట్టు శుభ్రం చేసుకోవడం, తరగతి గ్రంథాలయం ఒక్కొక్కటే వచ్చాయి. పాఠాలు ఎప్పుడు చెబుతావని తోటి ఉపాధ్యాయులు ఎగతాళి చేశారు. అది అర్థంలేని ప్రశ్న కాదు. నలభై యాభైమంది ఉన్న గదిలో సిలబస్ పూర్తి కావాలంటే ఎవరికైనా వచ్చే సందేహమే. ఆ మాస్టారు మాటలతో జవాబు చెప్పడు. ఏడాది చివర పిల్లల చదువునే చూపిస్తాడు.

గిజుభాయి పిల్లలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వందకు పైగా పుస్తకాలు రాశారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1939 జూన్ 23న 53 ఏళ్ళ వయసులో బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన పోయిన 70 ఏళ్ళకు, 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. దాని 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చట్టం బెత్తాన్ని పక్కన పెట్టమన్నది. దాని స్థానంలో ఏం చేయవచ్చో గిజుభాయి పుస్తకం కథగా చూపించింది. పగటికల పేరుతో అది తెలుగులో కూడా వెలువడింది.